ఆకురాయి పట్టడానికి స్క్రైబ్ రాడు

2024 జులైలో, శిక్షణలో ఉన్న ఒక ఐఏఎస్ అధికారిణి సమర్పించిన వైకల్య ధ్రువపత్రాలపై దేశమంతా చర్చ నడుస్తున్న రోజుల్లో, తెలంగాణ కేడర్‌కు చెందిన మరో సీనియర్ అధికారిణి సామాజిక మాధ్యమంలో ఒక ప్రశ్న వేశారు. వైకల్యం ఉన్న పైలట్‌ను ఏ విమానయాన సంస్థ అయినా నియమించుకుంటుందా, వైకల్యం ఉన్న సర్జన్‌ను ఎవరైనా నమ్ముతారా అన్నది దాని సారాంశం. నిరసనలు వచ్చాయి, సమర్థనలూ వచ్చాయి. కొన్నాళ్లకు మరో వివాదం పుట్టగానే అందరూ దాన్ని మరచిపోయారు. ప్రశ్న మాత్రం ఎక్కడికీ పోలేదు.

సివిల్ సర్వీసుల గురించి వేసినప్పుడు పత్రికలకెక్కిన ఆ ప్రశ్న, చిన్న గదుల్లో, ఎవరి కంటా పడకుండా, ప్రతి ఏటా అమలవుతూనే ఉంది. ఫిట్టర్‌గా, వెల్డర్‌గా, ఎలక్ట్రీషియన్‌గా, కంప్యూటర్ ఆపరేటర్‌గా నెలల తరబడి పని నేర్చుకున్న యువతీయువకులు తుది పరీక్షకు వెళ్లే రోజున దాన్ని ఎవరూ నోరు తెరిచి అడగరు. బెంచీ ఎత్తు అడుగుతుంది. గోడ గడియారం అడుగుతుంది. పరీక్షకుడు ముఖం పక్కకు తిప్పుకొని గబగబా వేసే మౌఖిక ప్రశ్న అడుగుతుంది. దానికి వాదించి జవాబు చెప్పే అవకాశం ఉండదు. ఉత్తీర్ణుల జాబితాలో పేరు ఉండదు, అంతే.

ఈ పరీక్ష విలువ తెలియనివారికి ఇది చిన్న విషయంగా కనిపించవచ్చు. 1961 నాటి అప్రెంటిస్‌ల చట్టం, దాని నిబంధనల ప్రకారం 30 మంది, అంతకు మించి సిబ్బంది ఉన్న ప్రతి సంస్థా అప్రెంటిస్‌లను తీసుకోవాలి. మొత్తం సిబ్బందిలో వారి సంఖ్య 2.5 శాతానికి తగ్గకూడదు, 15 శాతానికి మించకూడదు. శిక్షణ పూర్తిచేసిన ట్రేడ్ అప్రెంటిస్ పరీక్ష రాయవచ్చని అదే చట్టంలోని 21వ సెక్షన్ చెబుతుంది. అందులో నెగ్గితే జాతీయ అప్రెంటిస్‌షిప్ సర్టిఫికెట్ వస్తుంది. ఆ కాగితం గోడకు తగిలించుకునే అలంకారం కాదు. రైల్వే సంస్థల్లో అప్రెంటిస్‌షిప్ ముగించి ఆ సర్టిఫికెట్ పొందినవారికి లెవల్-1 నియామకాల్లో 20 శాతం ఖాళీలు కేటాయిస్తున్నారు. లాలాగూడ వర్క్‌షాపులోనో, రాయనపాడు వ్యాగన్ వర్క్‌షాపులోనో పని నేర్చుకున్న కుర్రాడికి ఆ కాగితం ఉంటే ఒక తలుపు తెరుచుకుంటుంది. లేకపోతే అతడు నేర్చిన పని అంతా నోటి మాటగానే మిగులుతుంది.

ఆ తలుపు ఎవరికి అన్నిటికన్నా ఎక్కువ అవసరమో ప్రభుత్వ గణాంకాలే చెబుతున్నాయి. 2011 జనగణన ప్రకారం దేశంలో వికలాంగులు 2.68 కోట్ల మంది. 2018లో జరిగిన జాతీయ నమూనా సర్వే 76వ విడత ప్రకారం, 15 ఏళ్లు దాటిన వికలాంగుల్లో శ్రామిక శక్తిలో ఉన్నవారు 23.8 శాతం మాత్రమే. నలుగురిలో ముగ్గురు ఉద్యోగ విపణి గడప బయటే ఉన్నారన్నమాట. డిగ్రీలు, పోటీ పరీక్షలు అందరికీ అందేవి కావు. పదో తరగతి, ఐటీఐ, ఆపైన అప్రెంటిస్‌షిప్ అన్నదే బీద కుటుంబాల పిల్లలకు తెలిసిన దారి. ఆ దారి చివర నిలబెట్టిన గేటు ఎలా ఉందన్నదే ఇక్కడి విషయం.

చట్టం మాట ఎత్తితే లోటు కనిపించదు. ఐక్యరాజ్యసమితి వికలాంగుల హక్కుల ఒడంబడికను భారతదేశం 2007లో ఆమోదించింది. దాని వెలుగులో వచ్చిన 2016 వికలాంగుల హక్కుల చట్టం 2017 ఏప్రిల్ 19న అమల్లోకి వచ్చింది. ఇతరులతో సమానంగా హక్కులను అనుభవించడానికి అవసరమైన, తగిన మార్పులూ సర్దుబాట్లూ చేయడాన్ని ఆ చట్టం సహేతుక సర్దుబాటుగా నిర్వచించింది. అవతలివారిపై అది మోయలేని భారం కాకూడదన్న ఒక్క హద్దు పెట్టింది. ఆ సర్దుబాటును నిరాకరించడం కూడా వివక్షేనని నిర్వచనంలోనే రాసింది. అంటే ఇది దయ కాదు, కనికరం కాదు, అధికారి మంచి మనసుకు వదిలేసిన విషయం అంతకన్నా కాదు.

న్యాయస్థానాలు ఈ మాటను పదేపదే చెప్పాయి. చేతి కండరాలు బిగుసుకుపోయి రాయలేని ఒక సివిల్ సర్వీసుల అభ్యర్థి కేసులో 2021 ఫిబ్రవరి 11న సుప్రీంకోర్టు, 40 శాతం వైకల్యం ఉన్నట్టు ధ్రువపత్రం ఉంటేనే స్క్రైబ్ ఇస్తామనడం చట్టానికి విరుద్ధమని తేల్చింది. అదే ఏడాది నవంబరులో, వైద్య ప్రవేశ పరీక్షలో అదనపు సమయం దక్కని ఒక విద్యార్థిని కేసులో పరీక్షా సంస్థను తప్పుపట్టింది. 2024 అక్టోబరులో వైద్య విద్య ప్రవేశాల కేసుల్లో, వైకల్య శాతాన్ని చూసి తలుపు మూయడం చెల్లదని, ఆ వ్యక్తి తగిన సాయంతో ఏం చేయగలడో అంచనా వేయాలని చెప్పింది. 2025 ఫిబ్రవరిలో, పరీక్షా సదుపాయాలను వికలాంగులందరికీ వర్తింపజేయాలని ఆదేశించింది. ఆ మరుసటి నెలలో, దృష్టి లోపం ఉన్నవారిని న్యాయాధికారుల పదవులకు దూరంగా ఉంచిన నిబంధనను కొట్టివేస్తూ, వైకల్యం కారణంగా వివక్షకు గురికాకుండా ఉండే హక్కును ప్రాథమిక హక్కుతో సమానంగా చూడాలని ప్రకటించింది.

ఇన్ని తీర్పులు వచ్చాక కూడా వర్క్‌షాపులోని పరీక్షకు అందింది ఎంత? ఆ తీర్పుల్లో ఉన్నవారు ఎవరో గమనిస్తే జవాబు దొరుకుతుంది. కాబోయే ఐఏఎస్, కాబోయే డాక్టర్, కాబోయే జడ్జి. సుప్రీంకోర్టు దాకా వెళ్లగలిగినవారి చేతిలో ఉన్నది కలం. కాబట్టి ఈ దేశంలో సహేతుక సర్దుబాటు అన్న భావన మొత్తం కలం చుట్టూనే అల్లుకుంది. కేంద్ర సామాజిక న్యాయ మంత్రిత్వ శాఖ 2013 ఫిబ్రవరిలో ఇచ్చిన మార్గదర్శకాలు, 2018 ఆగస్టులో ఇచ్చినవి, 2022 ఆగస్టులో ఇచ్చినవి, మూడింటి పేరులోనూ ఉన్నది ‘రాత పరీక్ష’. గంటకు 20 నిమిషాలకు తగ్గని అదనపు సమయం, స్క్రైబ్, స్క్రైబ్ విద్యార్హత, ప్రశ్నపత్రం అక్షరాల పరిమాణం, ఇవీ వాటి సారం. 2022 నాటి మార్గదర్శకాలైతే 40 శాతం కన్నా తక్కువ వైకల్యం ఉండి ‘రాయడంలో ఇబ్బంది’ ఉన్నవారి కోసమే వచ్చాయి. ఆకురాయి పట్టడంలో ఇబ్బంది ఉన్నవారి ఊసు అందులో ఎక్కడా లేదు.

అప్రెంటిస్ తుది పరీక్షలో రాత ఒక భాగం మాత్రమే. అతడి విద్య బయటపడేది ప్రాక్టికల్‌లో. వైస్‌లో బిగించిన ఇనుప ముక్కను డ్రాయింగ్‌లో చూపిన కొలతకు రాకి, కోసి, జత కలపాలి. ప్యానెల్‌కు వైరింగ్ చేసి మోటారు తిరిగేలా చూపాలి. చేస్తున్న పని గురించి పరీక్షకుడు అడిగితే చెప్పాలి. ఇక్కడ స్క్రైబ్ ఏం చేస్తాడు? అభ్యర్థి బదులు ఆకురాయి పడితే అది మోసం. పట్టకపోతే అతడు అక్కడ ఉండి ప్రయోజనం లేదు. రాత పరీక్ష కోసం కుట్టిన చొక్కాను చేతిపని పరీక్షకు తొడిగితే సరిపోదు.

సరిపోయేది ఏమిటో తెలుసుకోవడం బ్రహ్మవిద్య కాదు. పోలియో వల్ల ఎక్కువసేపు నిలబడలేని ఫిట్టర్‌కు కావలసింది ఎత్తు తగ్గించిన బెంచీ, ఆనుకుని కూర్చునే స్టూలు. వినికిడి లేని వెల్డర్‌కు కావలసింది స్క్రైబ్ కానే కాదు. సూచనలను కాగితం మీద రాసి ఇవ్వాలి, సంజ్ఞా భాష దుబాసీ పక్కన ఉండాలి, గంట మోగినప్పుడు దీపం వెలగాలి. భారతీయ సంజ్ఞా భాషకు 10,000 పదాల నిఘంటువు 2021లోనే ప్రభుత్వం విడుదల చేసింది. దాన్ని పరీక్ష గదికి తీసుకువెళ్లడమే మిగిలింది. చూపు లేని కంప్యూటర్ ఆపరేటర్‌కు స్క్రీన్ రీడర్ ఉన్న కంప్యూటర్ కావాలి. ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్ ఉచితంగానే దొరుకుతుంది. చూపు మందగించిన ఎలక్ట్రీషియన్‌కు రీడింగును పెద్ద అంకెల్లో చూపే, లేదా పైకి చెప్పే మీటరు కావాలి. డిస్‌లెక్సియా ఉన్నవారికి జాబ్ షీటును చదివి వినిపించాలి. వీటిలో ఏ ఒక్కటీ ఇనుప ముక్క కొలతను మార్చదు, వెల్డింగ్ అతుకు బలాన్ని తగ్గించదు.

కంటికి కనిపించని వైకల్యాల సంగతి మరీ దారుణం. 2016 చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో సికిల్ సెల్ వ్యాధి ఒకటి. ఆదివాసీ ప్రాంతాల్లో దాని తీవ్రత తెలిసే కేంద్రం 2023 జులైలో దాని నిర్మూలనకు జాతీయ కార్యక్రమం ప్రారంభించింది. మన్యం నుంచి వచ్చి వెల్డర్‌గా శిక్షణ పొందిన ఆదివాసీ యువకుడికి ఆ వ్యాధి ఉందనుకుంటే, ఎండ, దాహం, అలసట అతడికి ప్రమాదం. గంటల తరబడి విరామం లేకుండా సాగే ప్రాక్టికల్‌లో అతడికి కావలసింది నీళ్లు, నీడ, మధ్యలో విశ్రాంతి. ఆ రోజే నొప్పి తిరగబెడితే మరో తేదీ కావాలి. చూడటానికి అందరిలాగే కనిపించే ఆ కుర్రాడు విరామం అడిగితే సాకు చెబుతున్నాడంటారు. పరీక్షకు రాకపోతే గైర్హాజరు అంటారు. తదుపరి విడత దాకా అతడి చేతిలో సర్టిఫికెట్ ఉండదు, ఇంట్లో జీతం ఉండదు.

మరి ఈ బాధ్యత ఎవరిది అని అడిగితే అసలు చిక్కుముడి బయటపడుతుంది. 2016 చట్టంలోని 17వ సెక్షన్ పరీక్షా విధానంలో మార్పుల గురించి మాట్లాడుతుంది, కానీ అక్కడున్న మాట ‘విద్యార్థులు’. 20వ సెక్షన్ సహేతుక సర్దుబాటు గురించి మాట్లాడుతుంది, కానీ అక్కడున్న మాట ప్రభుత్వ సంస్థల ‘ఉద్యోగులు’. అప్రెంటిస్ ఎవరు? కళాశాల అతడిని తన విద్యార్థి అనదు, అతడు ఉండేది కర్మాగారంలో. కర్మాగారం అతడిని తన కార్మికుడు అనదు. ఎందుకంటే అప్రెంటిస్ శిక్షణార్థి మాత్రమే, కార్మికుడు కాడని, కార్మిక చట్టాలు అతడికి వర్తించవని అప్రెంటిస్‌ల చట్టంలోని 18వ సెక్షన్ చెబుతోంది. విద్యార్థి హక్కూ లేదు, ఉద్యోగి హక్కూ లేదు. రెంటికీ చెడ్డ రేవడి అంటే ఇతడే.

ఈ త్రిశంకు స్థితి అధికారులకు సౌకర్యంగా ఉంది కాబట్టే ఇన్నాళ్లూ కొనసాగింది. చట్టాన్ని పూర్తిగా చదివితే ఆ సౌకర్యం నిలబడదు. వివక్షను నిషేధించే 3వ సెక్షన్ విద్యార్థి, ఉద్యోగి అన్న తేడా చూపదు. వైకల్యం ఉన్న ప్రతి వ్యక్తికీ అది వర్తిస్తుంది, సహేతుక సర్దుబాటు అందేలా చూడటం ప్రభుత్వ విధి అని కూడా చెబుతుంది. ప్రధాన స్రవంతిలోని వృత్తి శిక్షణ పథకాలన్నింటిలో వికలాంగులను చేర్చాలని 19వ సెక్షన్ ఆదేశిస్తుంది. ‘సంస్థ’ అన్న మాటలో ప్రైవేటు సంస్థలూ ఉన్నాయని నిర్వచనమే చెబుతుంది. అంతెందుకు, అప్రెంటిస్‌ను కార్మికుడు కాదన్న 1961 చట్టమే, కర్మాగారంలో ఆరోగ్యం, భద్రత విషయానికి వచ్చేసరికి అతడిని కార్మికుడితో సమానంగా చూడాలని 14వ సెక్షన్‌లో చెప్పింది. గాయమైతే పరిహారం చెల్లించాలని 16వ సెక్షన్‌లో చెప్పింది. మనిషి దేహానికి సంబంధించిన విషయంలో హోదా అడ్డు రాకూడదని 1961లోనే తెలిసింది. పరీక్ష గదిలో అడ్డొస్తున్నది చట్టం కాదు, దాన్ని అమలు చేయవలసినవారి ఉదాసీనత. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడన్న సామెత ఊరికే పుట్టలేదు.

ఇందులో మరో అన్యాయం ఉంది. శిక్షణ కాలంలో సర్దుబాటు ఎంతో కొంత జరుగుతూనే ఉంటుంది. ఏ చట్టమూ చదవని ఫోర్‌మన్ కుర్రాడి కాలు చూసి స్టూలు జరుపుతాడు. వినపడని అమ్మాయికి తోటివారు చేతి సైగలతో పని చెబుతారు. ఏడాది పాటు ఆ స్టూలు మీద కూర్చునే అతడు పని నేర్చుకుంటాడు, కొలత తప్పకుండా జాబ్ పూర్తి చేస్తాడు. పరీక్ష రోజున కొత్త మనిషి వస్తాడు, కొత్త గది ఉంటుంది, ‘అందరికీ ఒకే నియమం’ అన్న మాట వినిపిస్తుంది, స్టూలు మాయమవుతుంది. అప్పుడు ఆ పరీక్ష అతడి పనితనాన్ని కొలుస్తోందా, స్టూలు లేని లోటును కొలుస్తోందా? రేపు ఉద్యోగంలోనూ స్టూలు ఉంటుంది. పరీక్ష జరిగిన ఆ కొద్ది గంటలే ఉండదు. వాస్తవంలో ఎన్నడూ ఎదురుకాని పరిస్థితిని సృష్టించి, అందులో ఓడినవాడిని పని రానివాడిగా ప్రకటించడాన్ని ప్రమాణాల పరిరక్షణ అనడం భాషకు కూడా అన్యాయం.

ప్రమాణాలు పడిపోతాయన్నదే ఈ విషయంలో అన్నిటికన్నా గట్టిగా వినిపించే అభ్యంతరం. దానికి సూటిగానే జవాబు చెప్పాలి. ప్రమాణం వేరు, అలవాటు వేరు. ఇనుప ముక్క డ్రాయింగ్‌లోని హద్దుల్లోకి రావడం ప్రమాణం. నిలబడి రాకడం అలవాటు. విద్యుత్తు ఆపి, ఆగిందని నిర్ధారించుకున్నాకే వైరు ముట్టుకోవడం ప్రమాణం. ఆ సంగతిని తెలుగులోనో హిందీలోనో నోటితో చెప్పడం అలవాటు. మొదటిదాన్ని వెంట్రుకవాసి కూడా సడలించమని ఎవరూ కోరడం లేదు. తక్కువ మార్కులకు పాస్ చేయమని అడగడం లేదు. రెండోదాన్ని మార్చమంటున్నారు. ఈ రెంటినీ కలిపి ముద్దచేసి దానికి నాణ్యత అని పేరు పెట్టడం వల్లనే ఇంత గందరగోళం.

భద్రత గురించిన ప్రశ్న ఇంతకన్నా బరువైనది. కొన్ని పనుల్లో, కొన్ని వైకల్యాలకు, ఏ సర్దుబాటూ సరిపోని సందర్భాలు ఉంటాయి. ఆ నిజాన్ని దాచి వాదించడం వికలాంగులకే మేలు చేయదు. చట్టం కూడా దాచలేదు. న్యాయమైన లక్ష్యానికి తగిన మోతాదులో తీసుకున్న చర్యను అది వివక్షగా చూడదు. కానీ ఆ మాట చెప్పి తలుపు మూసేవారే దాన్ని రుజువు చేయాలి. ఏ పనిలో, ఏ దశలో, ఏ ప్రమాదం ఉంది, దాన్ని తగ్గించే మార్గాలు ఏవేవి పరిశీలించారు, అవెందుకు చాలవు అన్నది రాసి చూపాలి. ‘ప్రమాదం కదా’ అన్న ఒక్క మాట రుజువు కాదు. పైగా, ప్రమాదం నిజమైతే అది శిక్షణ మొదలయ్యే రోజునే కనిపించాలి. ఏడాది పాటు యంత్రం దగ్గర పనిచేయించుకుని, సర్టిఫికెట్ ఇవ్వవలసిన రోజున మాత్రమే ప్రమాదాన్ని కనిపెట్టే దూరదృష్టిని భద్రత అనరు.

ఖర్చు మాట కూడా వస్తుంది. 2024 లోక్‌సభ ఎన్నికల్లో 85 ఏళ్లు దాటిన వృద్ధులకు, 40 శాతం వైకల్యం ఉన్నవారికి ఇంటి నుంచే ఓటు వేసే వీలు దేశవ్యాప్తంగా కల్పించారు. ఒక్క ఓటు కోసం సిబ్బంది బ్యాలెట్ పట్టుకుని ఇంటి గడపదాకా నడిచారు. అది ప్రజాస్వామ్యానికి గర్వకారణం, అందులో సందేహం లేదు. ఓటు కోసం గడప దాకా నడవగలిగిన రాజ్యానికి, బతుకుతెరువు కోసం ఒక బెంచీ ఎత్తు తగ్గించడం భారమవుతుందా? ఇక్కడ అడ్డు డబ్బు కాదు. ఓటరుగా వికలాంగుడు లెక్కలోకి వస్తాడు. అప్రెంటిస్‌గా రాడు.

దొంగ ధ్రువపత్రాల భయం ఇంకొకటి. 2024 నాటి వివాదం తర్వాత ఆ భయానికి కొత్త బలం వచ్చింది. వివాదానికి కేంద్రమైన అభ్యర్థిత్వాన్ని యూపీఎస్సీ ఆ జులై నెలాఖరుకే రద్దు చేసింది. తప్పు చేసినవారిని పట్టుకునే వ్యవస్థ ఉందనడానికి అది రుజువు, నిజాయితీపరులను అనుమానించడానికి లైసెన్సు కాదు. రిజర్వేషన్‌లో ఒక సీటు దక్కుతుంది కాబట్టి అక్కడ మోసానికి ఆశ ఉంటుంది. ఎత్తు తగ్గించిన బెంచీ కోసం, వెలిగే దీపం కోసం, పక్కన నిలిచే దుబాసీ కోసం దొంగ కాగితం పుట్టించేవాడు ఎవడు? వాటితో పని రానివాడికి పని రాదు.

ఈ సందర్భంలో జర్మనీ ప్రస్తావన తప్పదు. అప్రెంటిస్‌షిప్ అనగానే ఢిల్లీలో ప్రతి విధాన పత్రమూ జర్మనీనే ఆదర్శంగా చూపుతుంది. ఐటీఐలలో 2016లో ప్రవేశపెట్టిన ద్వంద్వ శిక్షణ విధానానికి ప్రేరణ కూడా అక్కడిదే. కర్మాగారంలో కొంత, తరగతిలో కొంత నేర్పే పద్ధతిని తెచ్చుకున్నారు, మంచిదే. ఆ జర్మనీ వృత్తి శిక్షణ చట్టంలోనే 65వ సెక్షన్ ఒకటుంది. శిక్షణ నియమాలూ పరీక్షా నియమాలూ వికలాంగుల ప్రత్యేక పరిస్థితులను పరిగణించాలని, పరీక్ష సమయం, సహాయక పరికరాలు, సంజ్ఞా భాష దుబాసీ వంటి ఇతరుల సాయం విషయంలో మరీ ముఖ్యంగా పరిగణించాలని అది స్పష్టంగా చెబుతుంది. బ్రిటన్‌లో కూడా అప్రెంటిస్ తుది మదింపులో సర్దుబాట్లు చేయడం 2010 సమానత్వ చట్టం కింద బాధ్యత. యంత్రాన్ని దిగుమతి చేసుకుని దాని రక్షణ కవచాన్ని ఓడరేవులోనే వదిలేసి వచ్చినట్టుంది ఢిల్లీ వ్యవహారం.

స్వదేశంలో అనుభవం లేదా అంటే అదీ ఉంది. స్వల్పకాలిక నైపుణ్య కోర్సుల్లో, వైకల్య స్వభావాన్ని బట్టి బోధనను, మదింపును మలచుకునే పని వికలాంగుల నైపుణ్య మండలి కొన్నేళ్లుగా చేస్తోంది. అంటే ఎలా చేయాలో తెలియక ఆగిపోయిన పని కాదిది. కొద్దిమందికి విడిగా చేసిన దాన్ని, అందరూ రాసే పరీక్షలోకి తీసుకురావడానికి మనసు రాక ఆగిపోయిన పని.

చేయవలసింది పెద్ద జాబితా కాదు. శిక్షణ మహానిర్దేశక కార్యాలయం, జాతీయ వృత్తి విద్య, శిక్షణ మండలి కలిసి ప్రాక్టికల్‌కూ మౌఖిక పరీక్షకూ వర్తించే, తప్పక పాటించవలసిన నియమాలు ట్రేడ్ వారీగా ఇవ్వాలి. ప్రతి ట్రేడులో ఏది ప్రమాణం, ఏది పద్ధతి అన్నది ముందే విడదీసి ప్రకటించాలి. అప్రెంటిస్ ఒప్పందం నమోదయ్యే రోజునే సర్దుబాటు అవసరాలు రాసుకోవాలి, ఆ కాగితం అతడితోపాటు పరీక్ష గది దాకా నడవాలి. శిక్షణలో వాడిన పరికరాన్ని పరీక్షలో అడ్డుకోకూడదు. దుబాసీ ఖర్చు, పరికరాల ఖర్చు పరీక్ష పెట్టేవారే భరించాలి. నిరాకరిస్తే కారణం రాతపూర్వకంగా, అధికారి పేరుతో, పరీక్షకు ముందే ఇవ్వాలి. దానిపై అప్పీలు కూడా పరీక్ష తేదీకి ముందే తేలాలి. ఫలితం వచ్చాక కోర్టుకు వెళ్లి గెలిచినా, పోయిన ఏడాది తిరిగి రాదు. ఇక చివరగా, ఎంతమంది వికలాంగులు అప్రెంటిస్‌లుగా చేరారు, ఎంతమంది పరీక్షకు వచ్చారు, ఎంతమంది సర్దుబాటు కోరారు, ఎంతమందికి దక్కింది, ఎంతమంది నెగ్గారు అన్న లెక్కను ట్రేడ్ వారీగా, రాష్ట్రం వారీగా ప్రతి ఏటా బయటపెట్టాలి. అప్రెంటిస్‌ల మొత్తం సంఖ్యను ప్రతి సభలో చాటుకునే మంత్రులకు ఈ ఐదు అంకెలు చెప్పడం కష్టం కాకూడదు.

వీటిలో దేనికీ కొత్త చట్టం అవసరం లేదు. పార్లమెంటులో ఓటింగ్ అవసరం లేదు. ఉన్న చట్టం కింద నియమాలు ఇవ్వడానికి అధికారం ఉన్నవారు కుర్చీల్లోనే ఉన్నారు. రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలు కూడా ఢిల్లీ వైపు చూస్తూ కూర్చోనవసరం లేదు. ఐటీఐలు రాష్ట్రాల చేతుల్లోనే ఉన్నాయి, ప్రతి రాష్ట్రంలోనూ వికలాంగుల కమిషనర్ ఉండాలని చట్టమే చెబుతోంది. పరీక్షా కేంద్రాల్లో బెంచీ, దీపం, దుబాసీ సిద్ధంగా ఉన్నాయో లేదో చూడటానికి రాష్ట్ర అధికారులకు ఎవరి అనుమతీ అక్కరలేదు.

2015 డిసెంబరులో ప్రధానమంత్రి తన రేడియో ప్రసంగంలో వికలాంగులను ‘దివ్యాంగులు’ అని పిలవాలని సూచించారు. ఆ తర్వాత కేంద్ర శాఖ పేరులోనే ఆ మాట చేరింది. పథకాల పేర్లు, బోర్డులు, ప్రకటనలు అన్నీ మారాయి. ఆ మాట గౌరవమో, పైపూతో అన్న వాదన పక్కనపెట్టవచ్చు. గౌరవం నిజమైతే అది కనిపించవలసిన చోటు బోర్డు కాదు. ఏడాది పాటు పని నేర్చిన ఒక ఫిట్టర్ తన చేతిలోని ఇనుప ముక్కను కొలతకు తెచ్చి బల్ల మీద పెట్టినప్పుడు, పరీక్షకుడు ఆ ముక్కను చూసి మార్కులు వేస్తాడా, మనిషిని చూసి వేస్తాడా అన్నదే అసలు కొలత. కేంద్ర నైపుణ్య శాఖ దానికి నియమాల రూపంలో జవాబు చెప్పాలి. తదుపరి విడత పరీక్షకు ముందే చెప్పాలి.